ముందు చేర్పించు, తర్వాత చూద్దాం

జూన్ వస్తే కోయిలకుంట్లలో జిరాక్సు షాపుల ముందు నిలబడేందుకు చోటుండదు. ప్రతి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో పదో తరగతి మెమో, ఇంటర్ మార్కుల జాబితా, ఆధార్ కార్డులు, బియ్యం కార్డు, నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు. పక్కన అమ్మో నాయినో. వాళ్లను చూడగానే ఎవరో ఒకరు దగ్గరికొచ్చి సలహా చెప్తారు. టీ బంకు దగ్గర ఒకటి, ఇంటర్నెట్ సెంటర్లో ఒకటి, కాలేజీ తరఫున పల్లెలు తిరిగే పీఆర్వో నోట ఒకటి, ఫోన్లో దూరపు చుట్టం చెప్పేది ఇంకొకటి.

నేను జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు కామర్స్ చెప్పాను. రిటైరైనా ఆ కవర్లు నా వసారాలోకి వస్తూనే ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయిందని, స్కాలర్‌షిప్ పడలేదని, సర్టిఫికెట్లు కాలేజీ ఇవ్వడం లేదని వస్తారు. కూర్చోబెట్టి కథ మొదట్నుంచీ చెప్పించుకుంటే అడుగున ఒక సలహా బయటపడుతుంది. చెప్పినవాళ్లు ఎక్కువమంది మేలు కోరే చెప్పారు. అట్లాంటి సలహాలను ఏరి ఇక్కడ రాస్తున్నాను. ఏది పాటిస్తే ఎక్కడ తేలతారో కూడా రాస్తున్నాను. మీకు ఇవి ఎదురుపడే నెల దగ్గర్లోనే ఉంది.

“ముందు చేర్పించు, కాగితాలు తర్వాత చూద్దాం”

అన్నిటికన్నా ఖరీదైన సలహా ఇదే. మే నెలలోనే మొదలవుతుంది. పీఆర్వో ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంటాడు, మంచినీళ్లు తాగుతాడు, “గవర్నమెంటే కడుతుందమ్మా, మీరు ఒక్క పైసా కట్టే పన్లేదు, టీసీ, ఒరిజినల్ మెమోలు ఇయ్యండి, సీటు గ్యారంటీ” అంటాడు. తల్లికి సీటు అనే మాట వినపడుతుంది. ఏ కోటాలో సీటు అని అడగాలన్న సంగతి ఆమెకు తెలియదు, ఆయన చెప్పడు.

ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో వంద సీట్లుంటే 70 కన్వీనర్ కోటా, 30 మేనేజ్‌మెంట్ కోటా. ఈఏపీసెట్ కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టుకుని తెచ్చుకున్న సీటుకే ప్రభుత్వం ఫీజు కడుతుంది. మేనేజ్‌మెంట్ కోటాకు, కౌన్సెలింగ్ అయిపోయాక ఇచ్చే స్పాట్ సీటుకు, దూరవిద్యకు కట్టదు. 2019 చివర్లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు విద్యా దీవెన అనే పేరుతో వచ్చిన నిబంధనల్లోనే ఇది స్పష్టంగా ఉంది. డిగ్రీకి కూడా 2020 నుంచి ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ అడ్మిషన్లు పెట్టింది. ఆ దారిలో వచ్చిన సీటా కాదా అన్నది అక్కడా చూసుకోవాల్సిందే.

కుందూ ఒడ్డు పల్లె నుంచి ఒక అబ్బోడు వచ్చాడు నా దగ్గరికి, బీటెక్ మూడో ఏడాదిలో. కౌన్సెలింగు మొదలు కాకముందే పీఆర్వో మాట విని చేరిపోయాడు. వాడి ర్యాంకు చూశాను. అదే కాలేజీలో అదే బ్రాంచిలో కన్వీనర్ కోటా సీటు వాడికంటే వెనకున్న పిల్లలకు వచ్చింది. వాడు ఆప్షన్లు పెట్టుకుని ఉంటే చాలు. రెండేళ్ల ఫీజు కట్టడానికి వాళ్ల నాయిన ఉన్న ఎద్దులను అమ్మాడు, మూడో ఏటికి రెండెకరాలు తాకట్టు పెట్టాడు. ఆ రోజు ఆయన నా ముందు కూర్చుని, “గవర్నమెంటు కడతాదన్నారు సార్” అని ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ అన్నాడు.

కాబట్టి కాగితాలు ముందు, చేరడం తర్వాత. కౌన్సెలింగ్ పూర్తయ్యి అలాట్‌మెంట్ ఆర్డరు చేతికొచ్చేదాకా ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు. యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది: అడ్మిషన్ కోసం ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసిపెట్టుకోకూడదు, చూసి వెనక్కివ్వాలి. మానుకుంటే ఫీజు ఎంత తిరిగివ్వాలో కూడా అందులోనే ఉంది. అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజుల ముందే చెబితే మొత్తం ఇవ్వాలి. ఆఖరి తేదీ దాటాక 15 రోజుల్లోపు అయితే 80 శాతం, నెలలోపు అయితే సగం. నెల దాటితే ఏమీ రాదు. ఈ తేదీలు తెలియక, మొహమాటంతో నెల దాటించుకున్న ఇళ్లు ఎన్ని చూశానో!

“భూమి ఉంది, నీకు రాదు పో”

ఈ మాట విని అర్హత ఉన్నవాళ్లు అప్లై చేయకుండా ఇంటికెళ్లిపోతారు. మిగతా సలహాల వల్ల నష్టపోయినవాళ్లు కనీసం నా దగ్గరికి వస్తారు. వీళ్లు రారు. తమకు రాదనే నమ్మి, ఎవరినీ తప్పుపట్టకుండా అప్పు చేసి కట్టేస్తారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

కోయిలకుంట్ల చుట్టూ నల్లరేగడి. పదెకరాలున్న రైతు అంటే బయటివాళ్లకు పెద్ద రైతు. ఆ పదెకరాల్లో శనగ వేస్తే, వాన మొహం చాటేసిన ఏడాది కోత కూలి కూడా గిట్టదని మనకు తెలుసు. విద్యా దీవెన నిబంధనలు రాసినవాళ్లకూ ఆ తేడా తెలుసు. మాగాణి అయితే 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు, రెండూ కలిపితే 25 ఎకరాల లోపు ఉండొచ్చని రాశారు. కుటుంబం మొత్తం ఏడాది ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. అంతకుముందు ఎస్సీ, ఎస్టీలకు రెండు లక్షలు, బీసీ, ఈబీసీలకు లక్షే ఉండేది. నాలుగు చక్రాల బండి ఉంటే రాదన్నారు గానీ ట్రాక్టరు, ఆటో, టాక్సీలను అందులోంచి తీసేశారు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే రాదు, అయితే పారిశుద్ధ్య కార్మికుల పిల్లలకు వస్తుంది. ఆదాయపన్ను కట్టే ఇంటికి రాదు.

ఇప్పుడు చెప్పండి, ఎనిమిదెకరాల మెట్ట, ఒక పాత ట్రాక్టరు ఉన్న మనిషికి “నీకు రాదు పో” అని ఏ లెక్కన చెప్తారు? చెప్తున్నారు, ఆయన నమ్ముతున్నాడు. వాళ్లకేదో ఉందని పక్కింటివాళ్లు అనుకోవడం వేరు, నిబంధన వేరు.

ఇంకో చిక్కు ఉంది. అన్ని అర్హతలూ ఉండి కూడా, కంప్యూటర్లో వెబ్‌ల్యాండు (భూమి రికార్డుల) వివరాలు చూస్తే మన ఆధార్ నంబరు మీద ఎవరిదో భూమి కనిపిస్తుంది. ఎప్పుడో అమ్మేసిన పొలం ఇంకా నాయిన పేరునే ఉంటుంది. మెట్టను మాగాణిగా ఎక్కించి ఉంటారు. ఇట్లాంటివి దరఖాస్తు తిరగ్గొట్టినాక బయటపడతాయి. అప్పుడు అర్జీ, విచారణ, వీఆర్వో, ఆర్ఐ, తహసీల్దారు, ఇంతలో అడ్మిషన్ల తేదీ దాటిపోతుంది. పిల్ల ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును అడిగి మన ఇంటి వివరాలు ఎట్లా కనపడుతున్నాయో చూడండి. తప్పుంటే సరిచేయించడానికి ఏడాది చేతిలో ఉంటుంది.

“ఆదాయం రొంత తగ్గించి రాయించుకో”

దీని తమ్ముడు “బియ్యం కార్డు విడగొట్టు”. ఇద్దరూ కలిసే తిరుగుతారు. అన్న ఉద్యోగి కాబట్టి కార్డులోంచి తీసేయించు, కారును బామ్మర్ది పేరు మీదకు మార్పించు, ఆదాయం లక్షా ఇరవై వేలని రాయించు.

పెళ్లయ్యి వేరు కాపురం పెట్టిన అన్న పేరు వేరే కార్డులోకి మారడం న్యాయమే, అది చేయించుకోవాల్సిందే. ఒకే పొయ్యి మీద వండుకుంటూ కాగితాల్లో రెండిళ్లు చేయడం వేరు. ఆధార్‌తో అన్నీ ముడిపడ్డాక ఈ పని దాగదు. బండి రిజిస్ట్రేషను, జీతం, పన్ను వేర్వేరు శాఖల్లో ఉన్నా వెతికే నంబరు ఒకటే. మొదటి ఏడాది దొరక్కపోవచ్చు. మూడో ఏడాది రెన్యువల్లో దొరికితే అప్పటిదాకా కట్టిన ఫీజు కూడా ప్రశ్నలోకి వస్తుంది, పైగా అప్పటికి వెనక్కి పోయే దారి ఉండదు. అన్నిటికీ మించి, ఆ సర్టిఫికెట్ మీద ఉండేది పిల్ల పేరు. పద్దెనిమిదేళ్ల పిల్ల బతుకులో మొదటి ప్రభుత్వ కాగితం అబద్ధంతో మొదలు కావడం నాకు సహించదు.

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే చెప్పాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఫీజు వస్తుందని చాలామంది అనుకుంటున్నారు. ఎనిమిది లక్షల ఆదాయ పరిమితి సీటు రిజర్వేషన్ కోసం. ఫీజు కోసం చూసేది రెండున్నర లక్షల గీత. రెండూ వేరు.

“మీ నంబరెందుకు, మాది పెడతాంలే”

ఈ సలహా నడిచే చోటు కంప్యూటరు ముందు. తల్లి దగ్గర చిన్న ఫోను ఉంటుంది, ఓటీపీ చదవడం రాదు. అందుకని అప్లికేషన్లో సెంటరువాళ్ల నంబరో, కాలేజీ క్లర్కు నంబరో పెట్టేస్తారు. ఆ రోజు పని అయిపోతుంది. తర్వాత స్కాలర్‌షిప్‌ల పోర్టల్ జ్ఞానభూమి నుంచి వచ్చే ప్రతి కబురూ ఆ నంబరుకే పోతుంది. వేలిముద్ర వేయాలి రండి అని వచ్చిన కబురు, ఫలానా కాగితం సరిగా లేదన్న కబురు, అన్నీ. ఆ క్లర్కు ఉద్యోగం మారితే ఇక మన పిల్ల చదువు ఎవరి జేబులో ఉందో మనకే తెలియదు.

మూడేళ్ల కిందట ఒక పాప, తల్లి, ఇద్దరూ ఫిబ్రవరి మధ్యాహ్నం వచ్చారు. శనగ కోతల రోజులు. తల్లి పొలం నుంచి నేరుగా వచ్చింది. సచివాలయంలో వేలిముద్ర పడలేదంట, మూడుసార్లు పోయినా పడలేదంట. చేతులు చూపించమన్నాను. శనగ చెట్టు పులుపుకు పది వేళ్లూ పగిలి, గీతలన్నీ చెరిగి, చింతపండు పిసికి ఎండిపోయినట్టున్నాయి. ఆ వేళ్లను ఏ మిషను చదువుతుంది? కంటిపాప మిషనుతో కూడా సరిచూడొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. “కోతలయినాక రా” అన్నారు. కోతలయ్యేసరికి గడువు అయిపోతుంది. ఐరిస్ ఉంటే దాంతో పెట్టమని నేను వెంటపోయి అడిగాను. రెండు నిమిషాల్లో అయింది.

అదే పాప కవరు తిరగేస్తే ఇంకోటి బయటపడింది. మెమోలో పేరు చివర లక్ష్మికి ఇంగ్లీషులో ఎక్స్, ఆధార్‌లో కె, ఎస్, హెచ్. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం. పుట్టినతేదీ మెమోలో జూన్, ఆధార్‌లో జనవరి 1. మన పల్లెల్లో ఎంతమందికి జనవరి 1 పుట్టినరోజో లెక్కలేదు, ఆధార్ తీసినప్పుడు తేదీ చెప్పలేనివాళ్లకు అట్లా పడింది. ఆధార్‌లో పుట్టినతేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు, పేరు రెండుసార్లు. అందుకే తొందరపడి ఏదో ఒకటి మార్పించకండి. పదో తరగతి మెమోలో ఎట్లా ఉందో అక్షరం అక్షరం అట్లాగే మార్పించండి. పిల్ల బతుకంతా వెంట వచ్చే కాగితం ఆ మెమోనే.

బ్యాంకు ఖాతా సంగతి కూడా ఇట్లాంటిదే. పాస్‌పుస్తకం జిరాక్సు ఇచ్చాం కాబట్టి డబ్బు ఆ ఖాతాలోనే పడుతుందని అనుకుంటాం. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు, ఎన్‌పీసీఐ దగ్గర మన ఆధార్‌కు ఆఖరున ఏ బ్యాంకు జతపడి ఉందో అందులోకి పోతుంది. ఒకామె పొదుపు సంఘం ఖాతా ఇచ్చింది. ఆమధ్య బంగారం తాకట్టు పెట్టడానికి ఇంకో బ్యాంకుకు పోతే అక్కడ ఆధార్ జతచేశారు. కొడుకు వసతి డబ్బు అందులో ఎనిమిది నెలలు పడి ఉంది. ఈ ఎనిమిది నెలలూ ఆమె ప్రభుత్వాన్ని తిట్టుకుంటూనే ఉంది. 2025 మే 1 నుంచి ఆంధ్రప్రగతి గ్రామీణ బ్యాంకు మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. మన వైపు ఎక్కువ ఇళ్లకు ఆ బ్యాంకే. పాత పాస్‌పుస్తకం చూసి ఫారాలు నింపేవాళ్లు ఒకసారి బ్రాంచికి పోయి కొత్త వివరాలు రాయించుకోవాలి.

“ఆ పథకం ఎత్తేశారంట”

ప్రభుత్వం మారిన ప్రతిసారీ ఈ మాట వస్తుంది. పేరు మారడం చూసి డబ్బే ఆగిందనుకుంటారు. చదువుకునే ఎస్సీ పిల్లలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది, అంటే స్వాతంత్ర్యానికి ముందే. 2008 ప్రాంతంలో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చింది. తర్వాతి రోజుల్లో ఇంజనీరింగులో పదివేల లోపు ర్యాంకు రాని బీసీ, ఈబీసీ పిల్లలకు 35 వేల వరకే కట్టారు. తర్వాత జ్ఞానభూమి పోర్టల్ వచ్చింది. 2020లో విద్యా దీవెన, వసతి దీవెన అన్నారు. 2024లో మళ్లీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అని పేరు పెట్టారు, ఫీజుకు ఆర్‌టీఎఫ్, వసతికి ఎంటీఎఫ్.

పేరుతో మనకు పని లేదు. డబ్బు ఏ దారిలో వస్తుందో దానితో పని. 2021 ఏప్రిల్ నుంచి తల్లుల ఖాతాల్లో వేశారు, 2024 తర్వాత తిరిగి కాలేజీలకే నేరుగా కట్టడం మొదలుపెట్టారు. ఎస్సీ విద్యార్థులకు మాత్రం కేంద్రం వాటా 60 శాతం నేరుగా విద్యార్థి ఖాతాలోకి వస్తుంది. అది కాలేజీకి కట్టాల్సిన డబ్బు. ఇంటి అవసరానికి వాడుకుంటే ఆఖరి ఏడాది బాకీ కింద తేలుతుంది. తల్లుల ఖాతాల్లో పడిన రోజుల్లోనూ ఇదే జరిగింది. ఎరువుల అంగడి బాకీ తీరింది, పిల్లోడి సర్టిఫికెట్లు కాలేజీలో ఆగిపోయాయి.

నిజంగా ఆగిపోయినవి కూడా ఉన్నాయి, అవి తెలుసుకోవాలి. 2020 చివర్లో ప్రైవేటు కాలేజీల్లో పీజీ కోర్సులకు ఫీజు ఆపేశారు. డిగ్రీకి వచ్చింది కదా ఎంబీఏకూ వస్తుందనుకుని చేరినవాళ్లు చాలా నష్టపోయారు. చేరే ఏడాది ఉత్తర్వు ఏమిటన్నదే అడగాలి, నిరుటి మాట పనికిరాదు.

“ఒకటి వస్తోంది కదా, ఇంకోటి ఎందుకు”

ఫీజు ఒకటి, తిండీ వసతీ ఒకటి. వసతి కింద ఐటీఐకి ఏడాదికి 10 వేలు, పాలిటెక్నిక్‌కు 15 వేలు, డిగ్రీ ఆపైన 20 వేలు అని 2020లో పెట్టారు. నంద్యాలలో గది తీసుకుని ఉండే పిల్లకు ఆ ఇరవై వేలు చిన్న మొత్తం కాదు.

ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్ష గురించి మన సర్కారు బడుల్లో ఎక్కువమంది అయ్యవార్లు బాగానే చెప్తున్నారు. పాసై ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12 వేలు, మొత్తం 48 వేలు. కానీ పదో తరగతిలో మంచి మార్కులు రాగానే “పెద్ద కాలేజీలో వేయండి” అనే సలహా మొదలవుతుంది. ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరితే ఆ స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఇది ఎయిడెడ్, ప్రభుత్వ, స్థానిక సంస్థల బడుల్లో చదివేవాళ్లకే. పోయిన 24 వేలు, కట్టిన ఫీజు రెండూ కలిపి లెక్క వేసుకుని అప్పుడు నిర్ణయించండి.

ఇంటి ఆదాయం రెండున్నర లక్షలు దాటి నాలుగున్నర లక్షల లోపు ఉందా? ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అక్కడితో ఆగిపోకండి. ఇంటర్లో మీ గ్రూపులో పై 20 శాతంలో మార్కులుంటే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉంది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో పెట్టుకోవాలి. డిగ్రీ మూడేళ్లూ ఏటా 12 వేలు. దేశం మొత్తానికి ఏటా 82 వేల మందికి ఇస్తారు, అందులో సగం అమ్మాయిలకు. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లు దీనికి పెట్టుకోకూడదు. అంటే సరిగ్గా రెండింటి మధ్యన నలిగిపోయే చిన్న ఉద్యోగి, చిన్న వ్యాపారి పిల్లల కోసం ఉన్న దారి ఇది. మన ఊళ్లో దీని సంగతి చెప్పే మనిషి నాకు ఒక్కరూ కనపడలేదు.

పాలిటెక్నిక్‌లో, ఇంజనీరింగులో చేరిన అమ్మాయిలకు ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఏటా 50 వేలు. ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండాలి, ఇంటికి ఇద్దరమ్మాయిల దాకా. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు సక్షం, తల్లిదండ్రులు లేని పిల్లలకు స్వనాథ్. వేరే సాయంతో కలిపి తీసుకోవచ్చా అన్నది ఆ ఏటి మార్గదర్శకాల్లో చదివి, ఏది ఎక్కువ అక్కరకొస్తుందో చూసుకుని పెట్టండి. “ఆడపిల్లకు ఊళ్లో డిగ్రీ చాలు” అనేవాళ్లకు ఈ యాభై వేల సంగతి చెప్పి చూడండి.

“బ్యాంకు లోనా? అప్పు జోలికి పోవద్దు”

ఈ మాట చెప్పిన మనిషే సాయంత్రం రెండు రూపాయల వడ్డీకి డబ్బు ఎవరిస్తారో చెప్తాడు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24. లక్ష తెచ్చారనుకోండి. మూడేళ్లకు వడ్డీ 72 వేలు. నోటు మూడేళ్లకు తిరగరాయాలి, అప్పుడు అసలు 1,72,000 అవుతుంది. నాలుగో ఏడాది దాని మీద వడ్డీ 41,280. పిల్లోడు పట్టా తీసుకునేసరికి లక్ష కాస్తా 2,13,280.

బ్యాంకు విద్యారుణం వడ్డీ సాధారణంగా దాంట్లో సగానికి అటూఇటూ ఉంటుంది. నాలుగు లక్షల దాకా తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులకు చెప్పింది. చదువు అయ్యి ఏడాది గడిచాక కట్టడం మొదలుపెట్టే వీలుంటుంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో, ఎంపిక చేసిన మంచి సంస్థల్లో సీటు వస్తే తాకట్టూ జామీనూ లేకుండా అప్పు ఇస్తారు. ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్లకు పది లక్షల అప్పు దాకా వడ్డీలో మూడు శాతం ప్రభుత్వమే భరిస్తుంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. బ్రాంచిలో లేదు పొమ్మంటే, లేదనే మాట కాగితం మీద ఇమ్మని మర్యాదగా అడగండి. చాలాసార్లు దరఖాస్తు తీసుకుంటారు.

“హాజరు మేమేస్తాం, నువ్వు పనికి పో”

75 శాతం హాజరు లేకపోతే డబ్బు ఆగుతుంది. పిల్ల కాలేజీకి పోవాల్సిందే. దీనికి ఇంతకంటే మాట అక్కర్లేదు.

“ఎవర్నీ అడగొద్దు, వచ్చేటప్పుడు వస్తుంది”

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఇంటికి కంపెనీ ప్రభుత్వం ఇచ్చిన తవర్జీ (పింఛను) నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆ పైసల దాకా మనకు గుర్తుంది. 1846 జూలైలో ఆయన మనుషులు కొట్టిన ట్రెజరీ కోయిలకుంట్లదే. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీసిందీ ఇక్కడే. తనకు రావాల్సిన డబ్బు ఎంత, ఎందుకు ఆగింది అని అడిగిన మనిషిని ఇంతగా తలుచుకునే ఊరు, పిల్ల స్కాలర్‌షిప్ ఎక్కడ ఆగిందని అడగడానికి మొహమాటపడుతుందా? ఈ రోజు అడగడానికి ఏ సాహసమూ అక్కర్లేదు. జ్ఞానభూమిలో అప్లికేషన్ స్థితి చూడొచ్చు. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటు ఉంటారు. సోమవారం తహసీల్దారు ఆఫీసులోనూ, నంద్యాల కలెక్టరేట్లోనూ అర్జీలు తీసుకుంటారు, రశీదు ఇస్తారు. ఆ రశీదు కవర్లో దాచండి.

ఇది నేను కష్టం మీద నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట నా తరగతిలో ఒక పిల్లోడు ఆదాయ సర్టిఫికెట్ రాలేదని చెప్పాడు. పరీక్షల హడావుడిలో ఉన్నాను. “ఏం కాదులే, వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు” అన్నాను. ఆ ఏడాది గడువు పోయింది. ఫీజు కట్టలేక బళ్లారి వైపు పనికి పోయాడు, వచ్చే ఏడాది అనేది వాడికి రాలేదు. ఈ పట్టీలో ఆ సలహా నాది.

మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల ఉంటే ఈ ఆదివారం కవరు విప్పండి. పదో తరగతి మెమో పక్కన ఆధార్ పెట్టి, పిల్ల చేతే గట్టిగా చదివించండి. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ. అక్షరం తేడా ఉంటే ఒక కాగితం మీద రాసుకోండి. సోమవారం పొద్దున సచివాలయం తెరుస్తారు. పిల్లను వెంటబెట్టుకుని వెళ్లండి, పిల్ల ఫోన్ నంబరే ఇవ్వండి.